బస్సు ఇంకా కొండ మీదే ఉంది

రెండో కోత తర్వాత

బచ్చలి కోశాను. రెండు దోసిళ్ళు వచ్చింది. పప్పులో వేసుకు తిన్నాను. ఇక్కడ తెల్లవారడమూ లేదు, పొద్దుగూకడమూ లేదు కాబట్టి బచ్చలి కోతలే నాకు కేలండరు.

ఆ తర్వాత నిద్రపెట్టెల అద్దాల మీద మంచు తుడిచాను. అందరూ హాయిగా పడుకున్నారు. మూలపెట్టెలో ఒకాయన నోరు తెరిచి మరీ పడుకున్నాడు. కాపలాకి లేచిన దగ్గర్నుంచి ఆ నోరు మూయాలని నా చేతులు దురద పెడుతున్నాయి గానీ, పెట్టె తెరవకూడదు.

పనులయ్యాక పుస్తకం రాయడానికి కూర్చున్నాను. మొదటి పేజీ రాశాను, చదివాను, కొట్టేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాను. నేను విజయనగరంలో టైలర్ని. కత్తెర ఒకసారి తప్పు పోతే గుడ్డ పాడైపోతుంది గనక కొలిచి, మళ్ళీ కొలిచి, అప్పుడు కోయడం నాకలవాటు. ఆ అలవాటు పుస్తకం దగ్గర నన్ను నిలువునా ముంచుతోంది.

"మొదటి పుటను మీరు గతంలో కూడా తొలగించారు. సహాయం అవసరమా?" అంది నౌక. దానిది రేడియో వార్తలు చదివే గొంతు.

"ఏటి, నువ్వు రాసి పెడతావా?"

"కోరినచో సంపూర్ణ గ్రంథాన్ని తక్షణమే అందించగలను."

"అందిత్తావులే. నీ పుస్తకం ఎవుడిక్కావాలి? నోర్మూసుకుని గాలి సంగతి సూసుకో."

గాలి సంగతే అసలు సంగతి. చుక్కల మధ్య పోతున్న ఈ నౌకలో, అంటే మా నాగావళిలో, తోట పుట్టించే గాలి ఒక్క మనిషి ఊపిరికే చాలుతుంది. అందుకని ఒకరు పడుకున్నాకే ఇంకొకరు లేస్తారు. విడతకో వరసలో వంతులవారీగా కాపలా కాసేవాళ్ళం ఏడుగురం, మేలుకుని ఒకరి మొహం ఒకరం చూసుకోం. దానికి బదులు మాకో ఆనవాయితీ ఉంది. దిగిపోయే మనిషి ఒక పుస్తకం చిత్తుగా రాసి బల్ల మీద పెట్టి పడుకోవాలి. లేచిన మనిషి దాన్ని ఆకుపచ్చ సిరాతో దిద్ది సాపు చేయాలి, ఆ పైన తన చిత్తు తను రాయాలి. ఎవరి చిత్తు వాళ్ళు సాపు చేసుకోకూడదు.

నాకు దానియేలు అనే జాలరి చిత్తు వచ్చింది. భీమిలి సముద్రం గురించి బ్రహ్మాండంగా రాశాడు గానీ, అందులో పెళ్ళికూతురి జాకెట్టుకి నాలుగు మీటర్ల గుడ్డ కొనిపించాడు! జాకెట్టుకి నాలుగు మీటర్లా? పిల్ల మనిషా, ఏనుగా? ఆ మహానుభావుడితో నేను ఎంత దెబ్బలాడానంటే, నిద్రపెట్టె దగ్గరికెళ్ళి అద్దం మీద తట్టి మరీ తిట్టాను. సాపు చేయడం పూర్తయిన రోజు మాత్రం ఏమీ తోచక తోటలో ఊరికే కూర్చున్నాను.

మూడో కోత తర్వాత

బచ్చలి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. మచ్చ పడ్డ ఆకులు తుంచి పారేశాను. మిగిలింది ఒక దోసెడే.

ఈ విడత నా తర్వాత వంతు మల్సూరుది. ఆ పేరు తలుచుకుంటేనే నా చెయ్యి ఆగిపోతోంది.

మల్సూరు దేవరకొండ వైపు మనిషి, బస్సు డ్రైవరు. నౌక ఎక్కకముందు శిబిరంలో భోజనాల వరసలో నా వెనక నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, పైగుండీ ఊడి దారానికి వేలాడుతోంది.

"అక్కా, నువ్వు టైలరువంట గదా. జర గీ గుండీ కుట్టిస్తవా?"

"ఇప్పియ్యి, కుడతాను. ఒంటి మీదుండగా గుడ్డ కుట్టకూడదంటారు మావేపు."

"ఇప్పితే లోపల బనీను చినిగున్నది. ఇంతమంది ముందట ఇజ్జత్ పోతది. గిట్లనే కుట్టు."

కుట్టినంతసేపూ వాగుతూనే ఉన్నాడు. ఏ బండి ఏ మలుపులో మొరాయించిందో, ఏ ఊళ్ళో టీ బాగుంటుందో, అన్నీ చెప్పాడు. "బండి మాట్లాడతది అక్కా. మనం ఇనాలె, అంతే" అన్నాడు. సూది గుచ్చుకుంటుందిరా కదలకు అంటే, చేతులు తిప్పకుండా నాకు మాట రాదన్నాడు. అంత మాటల మనిషి.

ఆ మనిషే పోయిన వంతులో బయటి తలుపు గదిలోకి వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి కూర్చున్నాడట. ఆ తలుపు అవతల గాలే ఉండదు, తీస్తే చావే. ఆ గడియ మనిషి చేతికి తప్ప కదలదు, నౌక దాన్ని ఆపలేదు. చాలాసేపు కూర్చుని, ఏమనుకున్నాడో, లేచి వచ్చి పెట్టెలో పడుకున్నాడు. చిత్తు కూడా రాయలేదు. నౌకే చెప్పింది నాకు ఈ సంగతి.

ఈసారి లేచేసరికి బల్ల మీద అతనికి మంచి పుస్తకం ఉండాలి. చదివి నవ్వాలి, ఆ గది వైపు వెళ్ళకూడదు. నా భయమంతా అదే. ఆ భయంతోనే మొదటి పేజీ మళ్ళీ కొట్టేశాను.

మూడో కోత అయ్యాక, నాలుగోది రాకముందు

"తోటలో తెగులు వ్యాపించింది" అంది నౌక. "గాలి ఉత్పత్తి తగ్గుతోంది. మీరు గడువుకు ముందే నిద్రకు ఉపక్రమించవలసి ఉంటుంది. ఊపిరి పీల్చేవారు లేని పక్షంలో తోట కోలుకుంటుంది."

"ఎంత ముందు?"

"నాలుగో కోతకు తగిన ఆకు ఉండదు."

అంటే నాలుగో కోత లేదు నాకు. ఉన్న ఆకు వడలిపోయేలోపు పుస్తకం పూర్తి కావాలి. నా దగ్గర ఉన్నదేమిటయ్యా అంటే, కొట్టేసిన మొదటి పేజీల గుట్ట. దాన్ని చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎవరు చూడొచ్చారు గనక.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుంటుంటే దుకాణం రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళిళ్ళ సీజన్లో బట్టలు కుప్పలుగా పడితే నేనేం చేసేదాన్ని? మొదట కచ్చాకుట్టు వేసేదాన్ని. పొడుగు పొడుగు పోగులు, వంకర టింకరగా, చెయ్యి ఆపకుండా. అది జాకెట్టులా కనబడితే చాలు. తొడిగి చూశాకే మిషను కుట్టు. మిషను కుట్టు వేస్తూ కొలతలు వెతుక్కునే టైలరు పెళ్ళి అయిపోయాక జాకెట్టు ఇస్తుంది.

నేను చేస్తున్నదదే. కచ్చాకుట్టు వేయాల్సిన చోట కాజాలు కుడుతున్నాను.

ఆకుపచ్చ సిరా, కొట్టేసే కలం రెండూ తీసుకెళ్ళి పప్పు డబ్బాలో పెట్టి మూత బిగించాను. నాకు నేను రెండే షరతులు పెట్టుకున్నాను. వెనక్కి తిరిగి చదవకూడదు. తెలియనిది వస్తే ఆగకూడదు, అక్కడ ఖాళీ వదిలి, ఒక ఎర్రదారం పోగు అంటించి ముందుకు పోవాలి.

ఆకు సగం వడలాక

చెయ్యి పరుగెడుతోంది! ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరూ లేరు గనక ఇక్కడ రాస్తున్నాను.

కథ ఏమిటంటే, అనంతగిరి ఘాటు రోడ్డు మీద ఒక బస్సు. అందులో సారె కావిళ్ళతో వెళ్తున్న ఒక వియ్యపురాలు, ఒళ్ళో కోడిని పెట్టుకున్న ముసలాయన, జ్వరంతో ఒక బాలింత, చిల్లర దగ్గర అందరితోనూ తగువేసుకునే కండక్టరు. డ్రైవరు పేరు బంగారయ్య. మల్సూరు కోసమే బస్సు కథ ఎంచుకున్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, బస్సు గురించి ఏమీ తెలియని నేను బస్సు కథ మొదలెట్టాను. నాకు తెలిసిందల్లా కిటికీ పక్క సీటు.

అయినా ఆగలేదు. నిద్ర లేవగానే తోటకి నీళ్ళు పెట్టి, అంబలి తాగి కూర్చోవడం. వేళ్ళు లాగేదాకా రాయడం. మంచు తుడుస్తూ తర్వాతి సన్నివేశం పైకే మాట్లాడుకోవడం. లేచేముందు ఒక వాక్యం సగంలో వదిలేయడం. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వెళ్తే మర్నాడు కూర్చోగానే కాలు దానంతటదే తొక్కుతుంది, ఇదీ అంతే.

వియ్యపురాలికీ కండక్టరుకీ తగువు పెడితే, అది నేననుకున్న చోట ఆగలేదు. ముసలాయన కోడి గుడ్డు పెట్టింది, బస్సంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఈ నౌకలో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

నౌక మాత్రం ప్రతిదానికీ అడ్డం పడుతోంది.

"మీ బంగారయ్య వాలులో వాహనాన్ని న్యూట్రల్‌లో ఉంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని దించుతున్నాడు. ఇది ప్రమాదకరం. సవరించమంటారా?"

"వద్దు."

"ఎర్రదారాలు అంటించిన ఖాళీలకు సంబంధించిన సమాచారం నా వద్ద ఉంది. పూరించమంటారా?"

"రాసినప్పుడు మాటాడకు. తరవాత అన్నీ నువ్వే పూరిద్దువుగాని."

బస్సు కొండ కొసకి ఎక్కింది. అక్కడ బ్రేకులు పోయాయి. ఎదురుగా దిగుడు, పక్కన లోయ, మబ్బు కమ్ముకొస్తోంది, బాలింతకి జ్వరం పెరుగుతోంది. బంగారయ్య బస్సుని ఎలా దించాడో నాకు తెలియదు. పెద్ద ఖాళీ వదిలి, ఎర్రదారం పోగు అంటించి, దిగువ ఊళ్ళో ఆస్పత్రి సన్నివేశానికి దూకాను.

ఆకు ముప్పాతిక వడలాక

పూర్తయింది. చివరి పేజీ దాకా వచ్చేశాను. మధ్యలో ఎర్రదారాలు పిలకల్లా వేలాడుతున్నాయి.

ముగింపు ఎలా ఉండాలో చూద్దామని, మావాళ్ళందరిలో పేరున్న పుస్తకం అల్మారాలోంచి తీశాను. జగ్గారావు మాస్టారిది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. పోయిన విడతలో ఆయన తర్వాతే మల్సూరు లేచాడు.

ఎంత బాగా రాశాడో చెప్పలేను. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. సగం చదివాక మాత్రం ఏదో తేడా కొట్టింది. పేజీలు గబగబా తిప్పాను. అల్మారాలో ఉన్న మిగతా పుస్తకాలన్నిటి పక్కనా దిద్దిన చిత్తు ఉంటుంది, అంచుల నిండా ఆకుపచ్చ గీతలు, తిట్లు, నవ్వులు. మాస్టారి దాంట్లో ఆకుపచ్చ చుక్క లేదు. ఆయన చిత్తు పెట్టలేదు. తన చిత్తు తనే దిద్దుకుని, తనే సాపు చేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో పెట్టి పడుకున్నాడు. తప్పులతో ఉన్న కాగితాలు ఒక బస్సు డ్రైవరుకి వదిలి వెళ్ళడం ఆయనకి నామోషీ అయి ఉంటుంది. లేదా అతనికి శ్రమ ఎందుకని జాలిపడ్డాడేమో, పాపం.

"మల్సూరు పడుకునేముందు ఏటైనా సెప్పాడా?" అని నౌకనడిగాను.

"తర్వాతి కాపలాదారుల నిమిత్తం కొంత పలికారు. ఎవరూ అడగనందున వినిపించలేదు."

వినిపించింది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. చేతులు తిప్పకుండా మాట్లాడినట్టుంది.

"మాస్టారు మస్తు రాసిండు. యాడ గూడ గీత పెట్టే జాగ లేదు. మూడు సార్లు సదివిన. నౌకకు అన్ని తెల్సు. మాస్టారుకు అన్ని తెల్సు. ఇగ నన్నెందుకు లేపిన్రో నాకైతే సమజ్ గాలే. ఎవ్వలన్న ఒక్క మాట అడిగితె బాగుండు."

పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అతనికేం కావాలో ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికాను. దానియేలు జాకెట్టు నాలుగు మీటర్లు కాకపోయి ఉంటే ఈ వంతు నాకెలా గడిచేది?

ఆకు చివరి వరస మిగిలినప్పుడు

నౌక ఇవాళ తీపి కబురు చెప్పింది. తెగులు నెమ్మదించిందట. నాకింకా కొంచెం వ్యవధి ఉందట.

"ఈ వ్యవధిలో ఖాళీలన్నిటినీ పూరించవచ్చు. బ్రేకులు విఫలమైనప్పుడు వాహనాన్ని దించే పద్ధతిని వివరిస్తాను, రాసుకోండి."

"సెప్పకు."

"మీరు తరువాత పూరించమన్నారు."

"అన్నాను. ఇప్పుడొద్దంటన్నాను. నువ్వు సెప్తే నాకు తెలిసిపోద్ది. తెలిస్తే సెయ్యి ఊరుకోదు, రాసేత్తాది. నీకు దండం, సెప్పకు."

నౌక ఆ పద్ధతి పక్కన పెట్టింది. ఇంకోటి అడిగింది. "మల్సూరు గతంలో బయటి తలుపు వద్ద కూర్చున్నారు. అటువంటి వ్యక్తికి అసంపూర్ణ గ్రంథాన్ని, ప్రమాదంలో ఉన్న వాహనాన్ని అప్పగించడం క్షేమమేనా?"

మొదటిసారి అది నన్ను నిజమైన ప్రశ్న అడిగింది. క్షేమమో కాదో నాకేం తెలుసు? కొండ మీద బస్సుని వదిలి వెళ్తే ఆ దిగులు కూడా అతని నెత్తిన పడి, ఈసారి గడియ తీసేస్తే? అప్పుడు ఆ తలుపు తీసింది నేనే అవుతాను. అలాగని అంతా సర్ది, నున్నగా ఇస్త్రీ చేసి పెడితే ఏం జరిగిందో ఒకసారి చూశాం.

బాలింత జ్వరం సంగతి నాకు తెలుసు గనక అది సరిచేశాను. ఆస్పత్రి సన్నివేశం మొత్తం తీసేశాను, ఎందుకంటే బస్సు ఇంకా దిగలేదు. న్యూట్రల్ జోలికి వెళ్ళలేదు. కొండ కొస మీద ఖాళీ దగ్గర ఎర్రదారం పీకేసి, ఇలా రాశాను: "తమ్ముడూ, నాకు తెలిసింది ఇంతే. బండి ఏమంటోందో నాకు వినపడదు. వీళ్ళందరూ ఇక్కడే కూర్చుని ఉన్నారు. నువ్వే దింపాలి."

ఆఖరి ఆకు

అద్దాలు తుడిచాను. మల్సూరు పెట్టె దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. చొక్కా పైగుండీ నేను కుట్టిందే, గట్టిగానే ఉంది.

చాలా ఒంటరిగా ఉంది. ఇన్నాళ్ళూ పని సందట్లో ఈ మాట రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఇంతమంది నిద్ర మధ్య మేలుకుని ఉండడం కంటే, ఒకరికి మేలు చేశానో కీడు చేశానో తెలియకుండా పడుకోవడం ఇంకా ఒంటరిగా ఉంది. నేను కళ్ళు మూసి తెరిచేలోపు అంతా అయిపోయి ఉంటుంది. అతని వంతులో నేను ఒక్క మాట కూడా కలపలేను.

ఆకుపచ్చ సిరా పప్పు డబ్బాలోంచి తీసి చిత్తు పక్కన పెట్టాను. కలం మూత తీసి పెట్టాను.

మళ్ళీ లేచాక, మొదటి కోత రాకముందే

లేవగానే గోడ పట్టుకుని మల్సూరు పెట్టె దాకా వెళ్ళాను. అద్దం మీద మంచు దట్టంగా ఉంది. రెండు చేతులతో తుడిచాను.

ఉన్నాడు. చొక్కా లేకుండా, చినిగిన బనీనుతో పడుకుని ఉన్నాడు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు, నవ్వు ఏది ముందొచ్చిందో తెలియదు. తర్వాత నౌకనడిగితే అతని గొంతు వినిపించింది. ఈసారి చేతులు తిప్పుతూనే మాట్లాడాడు, నాకు తెలుసు.

"ఓ అక్కా! నువ్వు అసలు మనిషివేనా? ఎవలన్న న్యూట్రల్ల ఏసి ఘాట్ దింపుతరా? అండ్ల పసిపిల్ల తల్లి ఉన్నది, ముసలాయనున్నడు, కోడి ఉన్నది! సదువుతాంటె నా నెత్తి గిర్రున తిరిగింది. బండిని అట్ల గుట్ట మీద ఇడిసిపెట్టి నువ్వు పోయి పండుకుంటివి. నాకేమో కూడు సయిస్తలే, నిద్ర పడ్తలే. ఒక పారి ఆ తలుపు దిక్కు పోయిన అక్కా, అబద్ధమెందుకు. పోయి కూసున్న. కూసుంటె ఆ బాలింతే యాదికొచ్చింది. వీళ్ళను దింపకుంట నేను యాడికి పోత? మళ్ల లేసొచ్చిన."

తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"దింపిన. ఫస్టు గేర్ల ఏసి, ఇంజను మీద ఆపుకుంట, కొండ దిక్కు మట్టికి రాసుకుంట, మెల్లగ. మలుపు మలుపుకు అందరు దేవుణ్ణి మొక్కిన్రు, మీ వియ్యపురాలు తప్ప. ఆమె నన్నే తిట్టింది. అందరు మంచిగున్నరు."

చిత్తు తీసి చూశాను. ఆకుపచ్చ లేని పేజీ లేదు. న్యూట్రల్ పక్కన కలం గుచ్చుకుని కాగితమే చిరిగింది. కొండ దిగుడు ఒక్కటే అతను నలభై పేజీలు రాశాడు, మలుపు మలుపూ వదలకుండా.

బల్ల మీద, నా కుర్చీకి ఎదురుగా, మడతపెట్టిన ఖాకీ చొక్కా ఉంది. మధ్యలో లేచినవాళ్ళెవరూ ముట్టుకోలేదు. దాని మీద చీటీ: "టైలరు అక్క తప్ప ఎవరు ముట్టొద్దు. గుండీ మళ్ల ఊడింది." జేబులో గుండీ కూడా ఉంది. అది ఊడిందో, ఊడదీశాడో, దారం చూస్తే టైలరుకి తెలియదా? ఏకంగా కోసేశాడు.

సూదిలో దారం ఎక్కించి కూర్చున్నాను. గుండీకి నాలుగు పోగులు గట్టిగా వేసి, కింద దారాన్ని మెడలా చుట్టి, ముడి వేయాలి. రెండే వేశాను, ముడి వదులుగా పెట్టాను. ఇంకో వంతుకి మళ్ళీ ఊడాలి కదా.